రెండు కామాల సంగతి

అవ్వకు సాయిచంద్ దండం పెట్టి రాసేది. నిర్మల్‌లో మేమంతా బాగున్నాం. సిరిసిల్లలో నువ్వు, బాపు బాగుంటే అంతకంటే నాకేం కావాలి.

నువ్వడిగిన మోకాళ్ళ గోలీలు పంపాను. అన్నం తిన్నాకే వేసుకో. చెవి మిషన్ అరిగిపోతుందని బియ్యం డబ్బాలో దాచావట. నలభై ఏళ్ళ మగ్గాల చప్పుడుకు పోయిన చెవులు, పెట్టుకోకుంటే ఎట్లా? పాపం పక్కింటి కిష్టవ్వ మనవరాలు మమతారాణి నా ఉత్తరాలు వాడకట్టంతా వినేటట్టు అరిచి చదవాల్సి వస్తుంది.

పోయిన ఉత్తరంలో ఇట్లా రాయించావు: "మమతకు ఒక్క మార్కుతోని హాస్టల్ కాలేజీ సీటు పోయింది. బీడీలు చేసుకుంట కూసున్నది. నా కొడుకు ఇంగ్లీషు సారు, మంచిగనే చెప్పిండు. పిల్లనే ధ్యాస పెట్టలే." నీ ఉత్తరాలు రాసిపెట్టేది కూడా మమతే కదా అవ్వా. ఆ మాట తన చేత్తోనే రాసింది, ఒక్క అక్షరం తగ్గించకుండా.

ఆ సీటు కోసం రాసే పరీక్షకు నెల ముందు మమత నీ ఉత్తరం అడుగున నన్నో ప్రశ్న అడిగింది. 'కిష్టవ్వ, బీడీలు చేసే మనిషి, నన్ను చదివించింది' అనే మాటను ఇంగ్లీషులో రాసి, అందులో 'హూ ఈజ్' తీసేసి పొట్టిగా చేస్తే, అటూ ఇటూ ఉన్న కామాలు ఉంచాలా అని. నేను పేపర్లు దిద్దే తొందరలో 'కామాలు కూడా తీసెయ్' అని రాశాను. అది తప్పు. మాటలు పోయినా ఆ రెండు కామాలూ ఉండాలి.

వారం తిరగకముందే, క్లాసులో అదే పాఠం చెబుతుంటే నాకు తెలిసింది. తెలిసీ రాయలేదు అవ్వా. సారే తప్పు చెప్పాడంటారని సిగ్గుపడ్డాను. ఇంత చిన్నది ఎవరడుగుతారులే అనుకున్నాను. నీ ఉత్తరం అందాక ఆ పరీక్ష ప్రశ్నల పేపరు తెప్పించి చూశాను. అడిగారు, సరిగ్గా ఒక్క మార్కుకు.

కాలేజీ ఆఫీసుకు రెండుసార్లు పోయాను. "సీట్లన్నీ నిండినయి సారు, ఇప్పుడు మేమేం జేస్తం" అన్నారు. నాకూ చేయడానికేమీ మిగల్లేదు. మమతకు విడిగా రాద్దామనుకున్నాను. కానీ అది మా ఇద్దరి మధ్యే ఉండిపోతుంది, ధ్యాస పెట్టలేదన్న మాట మాత్రం వాడకట్టులో ఉంటుంది.

మమతా, ఇక్కడికొచ్చేసరికి నీ గొంతు తగ్గి ఉంటుంది. "ఏం రాసిండే, జర గట్టిగ చదువు" అని అవ్వ అంటూ ఉంటుంది. ఈ ఒక్క రోజు ఆమెకు చెవి మిషన్ తెచ్చివ్వకు. మొదటి నుంచి మళ్ళీ చదువు, అరిచే చదువు.

ఇట్లు
నీ కొడుకు
సాయిచంద్