బొట్టు పెట్టిన గేమ్ క్యాసెట్

దసరా తెల్లారి, దేవరకొండ

పొద్దుగాల మా గేముల దుకాణం తెరిస్తే వీడియో గేమ్ నడుస్తలేదు. టీవీల ఒట్టి గీతలే. క్యాసెట్ తీసి ఊదిన, మళ్ల పెట్టిన, డబ్బా మీద రెండు సరిసిన. ఏం లాభం లేదు. "నువ్వే ఖరాబ్ చేసినవ్" అని, నిన్ననే జమ్మి ఆకు చేతుల పెట్టి నా కాళ్లు మొక్కిన తమ్ముని మీద ఒర్రిన. బువ్వ తినకుంటనే పోయిండు.

ఆఖరికి క్యాసెట్ లోపట లైటు కొట్టి చూస్తే, పిన్నుల నిండ పసుపు, కుంకుమ. నిన్న ఆయుధ పూజల అవ్వ పెట్టిందట. "బయట పెడ్తే పోరగాండ్ల చేతులకు చెరిగిపోతది బిడ్డా, అందుకే లోపట పెట్టిన" అన్నది.

రబ్బరుతోని రుద్దిన. నడిచింది.

"సూసినవా, పూజ ఊకె పోదు" అన్నది అవ్వ.

తమ్ముడు ఇంకా మాట్లాడ్తలేడు. అవ్వేమో వచ్చే దసరాకు టీవీకి గూడ లోపట్నే పెడ్తనంటాంది.