నలుగురు మాస్టర్ల సబ్జెక్టు

1984 ఆగస్టు 6

కోడలు అరుణ కాలేజీలో ఇంకో సబ్జెక్టు తీసుకుంది. పెద్ద సబ్జెక్టు పక్కన చిన్నదట. అంతర్జాతీయ వాణిజ్యం. మా ఆవిడ వచ్చి చెప్పింది — "దేశాల మద్దిన బేరాలట." సరే అన్నాను. ఏమిటో తెలియలేదు.

ఆగస్టు 9

దానికి నలుగురు మాస్టర్లట. ఆర్థికానికి ఒకరు, లాకి ఒకరు, భూగోళానికి ఒకరు, కామర్సుకి ఒకరు. మా ఊరి బడిలో ఐదు తరగతులకీ ఒక్కరే. అర్థం కాదు.

ఆగస్టు 14

అన్నం దగ్గర మా అబ్బాయి రాజు — "ఉన్న సదువే ఎక్కువ, మళ్లీ సిన్నదొకటా? ఇందులో తప్పిందా, మొత్తం సదువే బంద్." స్టీల్ ప్లాంటు కట్టుబడిలో ఎండకి మాడి వస్తాడు. మాటా అంతే. అరుణ తలుపు వెనకాల నిలబడి వింది. నేను మజ్జిగ పోసుకున్నాను. ఏదో ఒకటి అనాల్సింది...

ఆగస్టు 27

అరుణ పోర్టు మీద వ్యాసం రాసి క్లాసులో చదవాలట. ఓడలోకి ఎక్కిన ఇనప రాయి ఇన్ని టన్నులని ఎవరు తేలుస్తారు? అమ్మినవాడు ఇక్కడ, కొన్నవాడు జపానులో. లా మాస్టరు — కాయితం మీద ఎంతుంటే అంత. ఆర్థికం ఆయన — ఎంతో కొంత అనుకో, ముందుకెళ్లు. భూగోళం ఆయన — కామర్సుని అడుగు. కామర్సు ఆయన సెలవు.

ఇరవై రెండేళ్లు లాంచీలో ఓడ పక్కకి వెళ్లి, నీటిలో ఎంత దిగిందో చూపే తెల్ల అంకెలు దాని పొట్ట మీద చదివి, బరువు లెక్క కట్టే సర్వేయరుకి చెప్పింది నేను. నాకు తెలుసు. కోడలు నన్నెలా అడుగుతుంది? ఇంటికొచ్చి ఆరేళ్లు. మామగారి ఎదట పడకూడదు, మాట్లాడకూడదు. మా అమ్మ నాటి నుంచీ అంతే.

ఆగస్టు 29

అడిగింది. మా ఆవిడ మధ్యన. వంటింటికీ వరండాకీ తిరిగి తిరిగి ఆవిడకి కాళ్ల పీకులు.

"ఏటయ్యా, అంత ఓడని తక్కెట్లో ఎలగెడతారని అడుగుతంది."

పెట్టరు. నింపక ముందు ఓడ నీటిలో ఎంత దిగి ఉందో, నింపాక ఎంత దిగిందో చూస్తారు. ఆ నీళ్లు ఎంత బరువో కూడా సీసాలో పట్టి చూస్తారు. వానాకాలం గెడ్డల్లోంచి వచ్చే మంచినీరు ఉప్పునీటిలో కలిస్తే నీరు తేలిక, అదే బరువుకి ఓడ ఇంకాస్త దిగుతుంది. బరువు లెక్కలోంచి ఆ కాస్త తీసేయాలి.

ఏడాదిలో ఇంత మాట్లాడి ఉండను. ఆవిడ లోపలికెళ్లి ఒక్క ముక్కలో తేల్చేసింది. నాకు వినపడలేదు.

సెప్టెంబరు 3

మా ఆవిడ కొత్తవలస వెళ్లింది. చిన్నమ్మాయి కాన్పు. ఇక మధ్యన మాట మోసే మనిషి లేదు.

సెప్టెంబరు 5

అరుణ కాగితాలు గాలికి వరండాలో పడ్డాయి. ఏరుతూ చదివాను. "వర్షాకాలంలో ఓడలోని ఖనిజం బరువు పెరుగును."

నేనలా అనలేదు! మా ఆవిడ మోసుకెళ్లిన దారిలో మారింది. ఎల్లుండే చదవాలి. నవ్వుతారు. తప్పిస్తారు. రాజు మాన్పించేస్తాడు. అంతా నా మాట మీద.

చెప్పాలి. ఎలా? కోడలి కాగితం మీద నేను గీత పెట్టవచ్చా? రాజు చేత చెప్పిస్తే — "సూసేవా, తప్పే రాసింది" అంటాడు. తోచడం లేదు.

సెప్టెంబరు 6

రాజు డ్యూటీకి వెళ్లాక పెరట్లో రెండు బకెట్లు పెట్టాను. ఒకదాంట్లో మంచినీళ్లు. రెండోదాంట్లో ఊరగాయ ఉప్పంతా కలిపేశాను — మా ఆవిడ వస్తే చంపుతుంది. స్టీలు గ్లాసులో గులకరాళ్లు వేసి మంచినీళ్లలో తేలేటట్టు నిలబెట్టాను. నీరు అంటిన చోట దారం కట్టాను. తీసి ఉప్పునీటిలో వదిలాను. గ్లాసు లేచింది. దారం నీటికి పైన.

తలుపు దగ్గర గాజుల చప్పుడు. తల ఎత్తలేదు.

బకెట్టుతో అన్నట్టు అంది — "రాళ్లు అవే... అయితే బరువు పెరగనేదు. నీరే తేడా."

నేనూ బకెట్టుకే చెప్పాను — "అంతే."

తప్పు చేశానా? ఉప్పునీళ్లు పారబోశాను.

సెప్టెంబరు 7

చదివి వచ్చింది. నెగ్గిన ముఖమూ కాదు, ఓడిన ముఖమూ కాదు. వంటింట్లో పిల్లికి చెప్పింది, నాకు వినపడేటట్టు — "కాయితం కన్నా నీరెక్కువేటమ్మా అని లా మేష్టారు నవ్వేరే. పుస్తకంలో లేదు, ఎవులు సెప్పేరని కామర్సాయన. మా మావయ్య అన్నాను. అయితే సోమవారం తీసుకురా, ఆయన నోట ఇంటాం. అందాకా సున్నా అన్నారు."

పిల్లి వెళ్లిపోయింది. నేను కూర్చునే ఉన్నాను.

సెప్టెంబరు 8

"ఏటయింది?" రాజు అడిగాడు.

"ఇంకా మార్కులెయ్యనేదు." అరుణ అంది, నా వైపు చూడకుండా. నేను పేపరు తిరగేశాను. అబద్ధం కాదు. నిజమూ కాదేమో.

సెప్టెంబరు 9

అంకె చదివి చెప్పేవాణ్ణి. అంతవరకే. ఆ కాస్త ఎంత తీసేయాలో సర్వేయరు లెక్క. అదే అడిగితే? చదువుకున్నవాళ్లు నలుగురు... నేను ఆమె పక్కన నిలబడాలా, వెనకాలా? మాట తడబడితే ఆమె అందించవచ్చా? వెళ్లకపోతే సున్నా. వెళ్లి తప్పు చెప్పినా సున్నా.

సెప్టెంబరు 10, సోమవారం

రాజు ఆరింటికే వెళ్లాడు. ఉతికిన చొక్కా నా మంచం మీద మడత పెట్టి ఉంది. నేను పెట్టలేదు. తొడుక్కున్నాను. మద్దిలపాలెంలో బస్సు దిగి కాలేజీకి నడవాలి.

అరుణ గుమ్మంలో నిలబడింది. గోడ వైపు కాదు, పెరటి వైపు కాదు. నా వైపే.

"మావయ్యా, వస్తన్నారా?"

ఇది రాస్తూనే ఉన్నాను. పెన్ను మూత పెట్టి లేవాలి, మూత కనపడటం లేదు...