నలభై మాటల పెట్టె

మార్చి 3, సోమవారం
మామయ్యగారికి గొంతు ఆపరేషన్ అయింది. ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. ఆయన అటెన్షన్ అంటే పక్కవీధిలో కుక్కలు కూడా నిలబడేవి. ఈ నెలాఖరు దాకా మూగనోము పట్టాలన్నారు డాక్టరు. మధ్యలో నోరు విప్పితే గొంతు శాశ్వతంగా పోవచ్చట. మామయ్యగారు తల ఊపారు. ఆ ఊపులో కూడా ఆర్డరే ఉంది.

మార్చి 4
కాగితం, పెన్ను ఇచ్చాం. ఆయన రాత ఆయనకే అర్థం కాలేదు. ఫోన్లో టైప్ చేయమన్నాం. చేస్తుండగా ఎవరిదో కాల్ వచ్చింది. ఎత్తి హలో అన్నారు. మా ఆయన ఫోన్ లాగేసుకున్నాడు. డాక్టరు నాకు క్లాసు పీకారు, హలో అన్నది నేనే అయినట్టు.

మార్చి 5, ఉదయం 6.30
ఎవరూ కాల్ చేయలేని వస్తువు కావాలి. అది నా దగ్గరే ఉంది! అగ్గిపెట్టెలో పట్టే మైక్రోకంట్రోలర్ బోర్డు, అంటే ఒక్క చిప్ మీద నడిచే బుల్లి కంప్యూటర్. ఆర్నెల్లు కూర్చుని దాని మీద ఓ బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. విండోలు, ఐకాన్లు, మౌస్ బాణం, కొండల వాల్‌పేపర్, అన్నీ ఉన్నాయి. మెమరీ మాత్రం చారెడు. ఫోన్లో తీసిన ఒక్క ఫోటో కూడా పట్టదు. ఆఫీసులో చూపిస్తే ఇదెవరికి పనికొస్తుందని మేనేజర్ అడిగాడు.
మా మామగారికి పనికొస్తుంది. చూస్తూ ఉండు.

మార్చి 6
తెలుగు ఫాంటు పట్టలేదు. ఒత్తులూ గుణింతాలూ చూసి చిప్ చేతులెత్తేసింది. పిండి కొద్దీ రొట్టె. ఒక్కో మాటనీ బొమ్మగా చేసి పెడితే నలభై పడతాయి. మనిషికి నలభై మాటలు చాలవా అన్నాను. నీకు రోజుకెన్ని కావాలో ముందు లెక్కపెట్టుకో అన్నాడు మా ఆయన.

మార్చి 7
లిస్టు రాయమని అత్తయ్యగారికి ఇచ్చాను. మొదటి ఐదు: అవును, సరే, బాగుంది, తప్పు నాదే, నువ్వే కరెక్టు. పెళ్లైన ముప్ఫై ఎనిమిదేళ్లకి అవకాశం దొరికిందట. ‘వద్దు’ కావాలని మామయ్యగారు తల అడ్డంగా ఊపుతూ మూడుసార్లు బల్ల గుద్దారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంట్లో ఇదే యుద్ధం. టీ, నీళ్లు, ఫ్యాన్, పేపరు అంటూ చివరికి నలభై తేలాయి. ‘వద్దు’ ఉంది. ‘నువ్వే కరెక్టు’ కూడా ఉంది.

మార్చి 9
బోర్డుకి చిన్న తెర, ఓ నాబ్ తగిలించి పెట్టెలో బిగించాను. పనిచేస్తోంది! నాబ్ తిప్పి నొక్కితే మాట తెరనిండా వస్తుంది. మనం చూడాలని ఓ బీప్ కూడా పెట్టాను. బుద్ధి తక్కువైంది. ఆయనకి అది విజిల్. పొద్దున్నే అందరినీ హాల్లో లైన్లో నిలబెట్టారు.

మార్చి 12
పెట్టె హ్యాంగ్ అయింది. ఐదు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు. కదిలాక, ఆయన కోపంతో నొక్కినవన్నీ వరసగా వచ్చాయి. పదకొండు ‘వద్దు’లు, చివర్న ఒక ‘నువ్వే కరెక్టు’. అది చెయ్యి జారి పడిందని సైగ చేశారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

మార్చి 16
టీ వద్దు. అన్నం వద్దు. పేపరు వద్దు. అలిగారు.

మార్చి 17, మధ్యాహ్నం 2.00
అలక కాదు.
పొద్దున్నుంచి ‘బాగుంది’, ‘వద్దు’, మళ్లీ ‘బాగుంది’, ‘వద్దు’ నొక్కుతూ కూర్చున్నారు. తిక్క అన్నారు అత్తయ్యగారు. నేనూ నవ్వాను. మందు ఇవ్వబోయి చెయ్యి తగిలితే ఒళ్లు కాలిపోతోంది. బాగా లేదని చెప్తున్నారు ఆయన. ఉన్న మాటలతో అంతకంటే ఎలా చెప్పగలరు?
నలభై మాటల కోసం అంత కొట్టుకున్నాం. ‘నొప్పి’ అనే మాట ఒక్కరికీ తట్టలేదు. హాస్పిటల్ కారిడార్లో కూర్చుని రాస్తున్నాను. సిగ్గుగా ఉంది. గొంతులో ఇన్ఫెక్షన్. మాట తిరిగొస్తుందా అని అడిగితే చూద్దాం అన్నారు డాక్టరు.

మార్చి 18
కొండల వాల్‌పేపర్ పీకేసి ‘నొప్పి’ పెట్టాను. ‘నువ్వే కరెక్టు’ కూడా తీసెయ్యమన్నారు అత్తయ్యగారు, మొహం అటు తిప్పుకుని. నేను తీసేలోపే మామయ్యగారు పెట్టె లాక్కున్నారు.

మార్చి 24
జ్వరం తగ్గింది. మామయ్యగారు కాగితం మీద ఏదో గీకి ఇచ్చారు. నాకు అర్థం కాలేదు, మా ఆయనకీ కాలేదు. మందుల షాపాయన ఒక్క చూపులో చదివేశాడు. పెట్టెలో ఇంకో మాట కావాలట. ‘భయం’.
మౌస్ బాణం తీసేసి చోటు చేశాను.
ఆయన దాన్ని ఒక్కసారే నొక్కారు, అత్తయ్యగారి ముందు. ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. సీరియల్ టైమైనా టీవీ పెట్టలేదు.

మార్చి 31, సాయంత్రం 5.15
మాట వచ్చింది! బొంగురుగా ఉంది గానీ వచ్చింది. రోజుకి పది నిమిషాలే మాట్లాడాలన్నారు డాక్టరు. కారులో ఒక్క ముక్క మాట్లాడలేదు మామయ్యగారు. ఇంటికి రాగానే అత్తయ్యగారిని లోపలికి రమ్మని గది తలుపు వేసుకున్నారు. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ బయటికొచ్చారు. ఏమన్నారో చెప్పలేదు.
ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని పెట్టెలో ‘టీ’ నొక్కారు. నోరొచ్చిందిగా, నోటితో అడగండి అన్నాను.
పది వేళ్లూ చూపించారు. అయిపోయాయట.