హర్షిణిని పట్టాలు దాటించండి

శ్రీరామ.

కెనడా దేశం రెజైనా నగరంలో రైలు పట్టాలకు ఉత్తరాన కాపురముంటున్న కొండేపూడి సరోజన అను నేను, కీర్తిశేషులు త్యాగరాజు గారి భార్యను, వయసు యాభై ఏళ్లు, రాసి ఇస్తున్న వీలునామా ఇది. ఒంట్లో జబ్బు ముదిరింది గాని బుద్ధి నిలకడగానే ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మన గుడి కమిటీలోని సీతారామారావు గారికి అప్పగిస్తున్నాను. కాగితాల సంగతి తెలిసినవారు, కోపం లేనివారు.

2. నా పేరున ఉన్న ఇల్లు అమ్మివేయాలి. బేస్‌మెంటు గోడలకు పట్టిన బూజు సంగతి కొనేవారికి దాచకుండా చెప్పాలి. పదకొండేళ్లు తుడిచాము, పోలేదు. వచ్చిన సొమ్ము యావత్తూ నా ఏకైక కుమార్తె హర్షిణి చదువుకు చెందుతుంది.

3. హర్షిణికి పదిహేనేళ్లు. నా తదనంతరం ఆమెకు సంరక్షకురాలిగా నా తోడబుట్టిన అక్క పద్మినిని నియమిస్తున్నాను. బిడ్డ పట్టాలకు దక్షిణాన, అక్క ఇంట్లోనే ఉండాలి.

కారణం రాయకుండా సంతకం చేయలేను. ఆరేళ్ల కిందట మా వారికి తరచు తలనొప్పి వచ్చేది. ఇక్కడ తన దగ్గర పేరు నమోదైన వారినే డాక్టరు క్రమంగా చూస్తాడు; మా వైపు కొత్తవారిని చేర్చుకునే డాక్టరు లేడు. అక్క వెళ్లే క్లినిక్‌లో ఆ చుట్టుపక్కల ఉండేవారినే చేర్చుకునేవారు. అక్క ఫారం తెచ్చి, “ఒసే సరోజనా, అడ్రసు దగ్గర మా ఇంటి నంబరు వేసెయ్. ఒక్క లైనేగా, ఎవరు చూస్తారు?” అంది. రామనామం పలికే నోరుండి చేత్తో అబద్ధం రాయలేనన్నాను. మా వారు నవ్వి, “మీ చెల్లెలికి స్వర్గంలో సీటు కన్‌ఫర్మ్ వదినగారూ, మనమే వెయిటింగ్ లిస్టు” అన్నారు. పదకొండు నెలలకు, తాను పనిచేసే గోదాములో పెట్టె ఎత్తుతూ పడిపోయారు. ఆయనకు రక్తపోటు ఉందని అప్పుడే తెలిసింది. యాభై రెండేళ్లు. శవం ఎదుటే అక్క, “అప్పుడే చెప్పానా?” అంది. రెండేళ్లు అక్కతో మాట్లాడలేదు.

అక్కకూ అదే రక్తపోటు. రోజూ మాత్ర వేసుకుని వాళ్ల వైపు ఉన్న చెరువు గట్టున నడుస్తుంది. నా జబ్బును ఎమర్జెన్సీ వార్డులో కనుక్కునేసరికి ఆలస్యమైంది. డాక్టరు కావాలంటే అబద్ధం ఎందుకు రాయాలని అక్క అడగలేదు, నేనూ అడగలేదు. అక్క మీద కోపం ఇంతటితో వదిలేస్తున్నాను.

4. అమ్మ కుంకుమ భరిణె అక్కకు. అమ్మ పోయినప్పుడు అడిగితే లేదన్నాను. నా దగ్గరే ఉంది.

5. బీపీ మెషిను గుడికి. చెప్పులు విడిచే చోట పెట్టించండి. ప్రసాదం లైనులో నిలబడేవారు చూసుకుంటారు.

6. నా సంతాప సభలో ఎవరూ “దేవుడు ఇంతే రాశాడు” అనకూడదు. లైబ్రరీలో ఒక నర్సమ్మ ఊరి పటం చూపించింది. ఏ వీధివాళ్లు ఎన్నేళ్లు బతుకుతున్నారో రంగుల్లో ఉంది. మాది ముదురు ఎరుపు, అంటే అందరికంటే తక్కువ ఆయుష్షు. కూరగాయల కోసం రెండు బస్సులు మారే వీధులూ, చెమ్మ గోడల ఇళ్లూ అన్నీ ఆ ఎరుపులోనే ఉన్నాయి. నా దేవుడు వీధి పేరు చూసి ఆయుష్షు పోసేవాడు కాడు. ఆయన మీద నెపం వేయకండి.

7. హర్షిణీ, పెద్దమ్మ దగ్గరికి వెళ్లాలన్నప్పుడు నువ్వు అడిగావు. “మామ్, నా ఫ్రెండ్స్ అందరూ ఇక్కడే. నన్నంటే పెద్దమ్మ తీసుకెళ్తుంది. వాళ్లని ఎవరు తీసుకెళ్తారు?” అన్నావు. వారం రోజులు పూజలో కూర్చుని ఆలోచించాను తల్లీ. నువ్వు అడిగింది న్యాయం. అయినా నువ్వు వెళ్లాలి. వాళ్లందరినీ వదిలి నిన్నొక్కదాన్నే దాటిస్తున్నాను. అది స్వార్థమని తెలిసే రాస్తున్నాను.

కార్తీక మాసం, బుధవారం, నవంబరు 5, 2025. రెజైనా.

(సంతకం) కొండేపూడి సరోజన

ఆమె మా ఇద్దరి ఎదుటా చదివి సంతకం చేసినందుకు సాక్షులు:
1. యోగానంద్
2. మృదుల