తొమ్మిది చుక్కల కొలత

చిట్టీ,

ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, మధ్యలో ఎవరో ఒకరు నా కుట్టు షాపులోకి వచ్చి తెల్ల గుండీలున్నాయా అని అడుగుతారు. అందుకే కాగితం తీసుకున్నాను. ఇక్కడైతే నన్ను మధ్యలో ఆపేవాళ్ళు లేరు.

నీ కూతురు గువ్వ నా దగ్గరే ఉంది. నిన్న సాయంత్రం ల్యాబ్‌లో పని అయ్యాక సంచీ తగిలించుకుని తిన్నగా ఇటే వచ్చింది. "పెద్దమ్మా, నాలుగు రోజులుంటాను, అమ్మకి ఫోన్ చేసి చెప్పకు" అంది. ఫోన్ చేయనని మాటిచ్చాను. మాట తప్పలేదు, ఉత్తరం రాస్తున్నాను.

చెయ్యి చూపించింది. ఎడమ చెయ్యి, మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా తొమ్మిది చుక్కల పచ్చబొట్టు. చుట్టూ ఇంకా ఎర్రగానే ఉంది. రోజూ అంతమందికి సూది గుచ్చి రక్తం తీసే పిల్లకి, తన వంతు వచ్చేసరికి కళ్ళనీళ్ళు తిరిగాయట. నువ్వేమన్నావో కూడా చెప్పింది. మర్యాదగల ఇంటి పిల్ల చేసే పనేనా అన్నావట. చెయ్యి మానగానే చెరిపించడానికి చర్మం డాక్టరు దగ్గర పేరు కూడా రాయించావట. వచ్చే ఆదివారం అబ్బాయి తరఫు వాళ్ళు వస్తారు కాబట్టి ఆ రోజు ఆ చెయ్యి ఎవరి కంటా పడకూడదన్నావట.

ఇవన్నీ విన్నాక నాకు ముందు కోపం రాలేదు. మన ఇంటి ముందు గది గుర్తొచ్చింది. వేడి ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ వాసన, కిటికీ పక్కన మిషను, మధ్యలో ఆ పెద్ద కత్తిరింపుల బల్ల. అమ్మ గుడ్డ పరిచి, దాని మీద ఎడమ చెయ్యి చాచి, ఆ చేతి మీది పచ్చబొట్టు చుక్కల దగ్గర సుద్దతో గీత పెట్టేది. మనిద్దరం బల్ల కింద కూర్చుని రాలిన పీలికలు ఏరుకునేవాళ్ళం. ఎర్రవి నీకు, మిగిలినవి నాకు. ఈ పంపకం ఎవరు చేశారో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ చుక్కల కథ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. పన్నెండేళ్ళప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆవిడ ఇంటికొస్తే అమ్మమ్మ చేతి మీద పూలతీగ వేయమందట. తీగ సరిగ్గా రావాలని ఆవిడ ముందు అంగుళానికొకటి చొప్పున చుక్కలు పెట్టుకుంది. అవి పెట్టించుకునేసరికే అమ్మకి ప్రాణం మీదకొచ్చింది. తీగ మొదలుపెట్టేలోపు చెయ్యి విడిపించుకుని పారిపోయి, చీకటి పడేదాకా ఇంటికి రాలేదు. అలా తీగ లేకుండా చుక్కలు మిగిలిపోయాయి. తర్వాత కుట్టుపని నేర్చుకుంటున్నప్పుడు టేపు ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో ఉండేదట. అమ్మ తన చెయ్యి చాచుకుంది.

మన గౌన్లు గుర్తున్నాయా? నా గౌనులో నేనూ, నా పుస్తకాలూ పట్టేవాళ్ళం. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని అలా కుడుతోందనుకునేవాళ్ళు అందరూ. ఎవరైనా అడిగితే "ఒంటికి గాలాడాలి కదండీ" అనేది. నేను టేపు పట్టడం నేర్చాక ఒకరోజు సరదాకి అమ్మ చుక్కలు కొలిచాను. చుక్కకీ చుక్కకీ మధ్య అంగుళం దాటి పావు ఉంది. ఆ సంగతి చెబితే కాసేపు తన చెయ్యి తనే చూసుకుంది. "అయితే చుక్కలు పెట్టాక నేను పెరిగానన్నమాట" అని నవ్వడం మొదలుపెడితే, మిషను ఆపేయాల్సి వచ్చింది. ఊళ్ళో సగం మందికి అన్నేళ్ళూ పావు వదులు కుట్టింది మహాతల్లి. అయినా టేపు ముట్టుకోలేదు.

నీ పెళ్ళయిన వారానికి పొడుగు చేతుల జాకెట్లు మొదలుపెట్టింది. మండుటెండలో కూడా మణికట్టు దగ్గర గుండీ. అల్లుడొచ్చాక అత్తగారి స్టైలు మారిందని నేను ఏడిపించేదాన్ని. అప్పుడే ఆ బల్ల అంచున కత్తితో తొమ్మిది గాట్లు కూడా పెట్టుకుంది. చెయ్యి చాచి చాచి భుజం లాగుతోందంది. సరేననుకున్నాను.

నీ కూతురు ఆ గాట్లనే పట్టుకుంది. పోయినసారి వచ్చినప్పుడు బల్ల అంచుకి చెయ్యి ఆనించి పెన్నుతో ఏదో పెట్టుకుంటుంటే, ఈ వయసులో ఆటలేమిటే అన్నాను. మర్నాడు నిజంగానే పొడిపించుకుంది. ఎందుకే అంటే ఒక్కటే మాట. "అమ్మమ్మ నా వీపు మీద చెయ్యి ఆనించి కొలిచేది పెద్దమ్మా. ఆ చెయ్యి నాకు కావాలి."

ఇప్పుడు కోపం వస్తోంది. నిన్ను పెంచిన చెయ్యి చిట్టీ అది. ఆ చుక్కలు నీ కూతురి చేతి మీద కనిపిస్తే నీకంత చేదయ్యాయా? అమ్మ చెయ్యంటే నీకు సిగ్గా? డొంకతిరుగుడు లేకుండా రాయి.

కోపంగానే,
నీ అక్క

* * *

అక్కా,

నీ ఉత్తరం చదివితే ముందు ఒళ్ళు మండింది. మళ్ళీ చదివితే గౌన్ల దగ్గర నవ్వొచ్చింది. ఇంకోసారి చదువుతూ ఆ 'సిగ్గా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంక దాచి ఏం లాభం? దాచమన్న మనిషే లేదు.

నా పెళ్ళి భోజనాల దగ్గర అమ్మ తనే వడ్డిస్తానని గరిటె పట్టుకుంది, గుర్తుందా? నువ్వు బయట వచ్చేవాళ్ళని పలకరిస్తున్నావు. మా ఆయన మేనత్త అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. వంకాయ పుచ్చో కాదో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవేమిటివి? కడిగితే పోవా?" అంది. "చిన్నప్పటివండీ" అంది అమ్మ. ఆవిడ పక్కావిడ వైపు తిరిగి, గొంతు తగ్గించకుండానే, "ఇందాకట్నుంచీ ఈవిడ్ని వంటమనిషనుకుంటున్నాను. పెళ్ళికూతురి తల్లట" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నేను అక్కడే కూర్చున్నాను అక్కా. కొత్త పెళ్ళికూతుర్ని, నోరు పెగల్లేదు. అమ్మ గరిటె కింద పెట్టలేదు. ఆ వరసంతా వడ్డించింది, ఆవిడకి మారు కూడా వడ్డించింది. ఆ తర్వాత లోపలికెళ్ళి ఆ ఉక్కలో శాలువా కప్పుకుని వచ్చింది. నేను వెనకాలే వెళితే నా చెయ్యి పట్టుకుని, "అక్కకి చెప్పకు. దాని నోరు మంచిది కాదు. నీ కాపురం మొదలవకముందే మీ అత్తారింటి మీదకి యుద్ధానికెళ్తుంది" అంది. నేను చెప్పలేదు. నీ నోటి సంగతి అమ్మకి తెలుసు, నాకూ తెలుసు.

అమ్మ స్టైలు మారలేదు. భుజమూ లాగలేదు. మా వాళ్ళు ఎప్పుడైనా షాపుకొస్తే, చెయ్యి చాచి కొలవడం చూస్తారని బల్లకి గాట్లు పెట్టుకుంది. నువ్వు ఏడిపించినప్పుడు నవ్వింది కదా, ఆ నవ్వు నేను చూడలేకపోయేదాన్ని.

చివరి రోజుల్లో నా దగ్గరున్నప్పుడు బల్ల లేదు కదా. గది తలుపు వేసుకుని, చెయ్యి పైకి మడుచుకుని గువ్వకి గౌన్లు కుట్టేది. ఎవరైనా తలుపు తడితే ముందు గుండీ పెట్టుకునేది, తర్వాతే గడియ తీసేది. ఒకరోజు కొత్త గౌను వేస్తే అది గువ్వకి పట్టలేదు. చంకల దగ్గర బిగిసిపోయింది. "బాగా ఒళ్ళు చేశావే" అని దాని బుగ్గ గిల్లాను. తర్వాత అనుమానమొచ్చింది. అమ్మ కుట్టింది బిగుతు కావడమేమిటి? గదిలోకెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుని గుండీ తీశాను. చర్మం ముడతలు పడి చుక్కలన్నీ దగ్గరకొచ్చేశాయి. రోజూ ఆ పొడుగు చేతులు చూస్తున్నానే కానీ, లోపల మనిషి అంతలా చిక్కిపోవడం చూడలేదు. మర్నాడే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. ఆ తర్వాతదంతా నీకు తెలుసు. అమ్మ జబ్బు సంగతి డాక్టరు కంటే ముందు నాకు ఆ గౌను చెప్పింది.

అందుకని నాది సిగ్గు కాదు అక్కా, భయం. నా కూతురు కూడా ఎవరి భోజనాల దగ్గరో ఒక మాట పడుతుంది. తర్వాత జన్మంతా గుండీ పెట్టుకుని బతుకుతుంది. చెరిపించేస్తే ఆ మాట పడక్కర్లేదు కదా. అది దానికి అర్థం కావడం లేదు. నాకేమో చెప్పడానికి నోరు రావడం లేదు.

ఆదివారానికి దానికి ఒక పొడుగు చేతుల చొక్కా కుట్టివ్వు. కాదనకు. మణికట్టు దగ్గర గుండీ మర్చిపోకు.

నీ చిట్టి

* * *

చిట్టీ,

అమ్మ సరిగ్గానే చెప్పింది. నాకు అప్పుడే తెలిసుంటే యుద్ధానికే వెళ్ళేదాన్ని. కనీసం ఆ మేనత్త జాకెట్లన్నీ ఒక సైజు తక్కువ కుట్టి, ఊపిరాడకుండా చేసి పంపేదాన్ని.

నీ ఉత్తరం మడిచి పెట్టి చాలాసేపు బల్ల దగ్గర నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఆ గాట్ల మీద సుద్దముక్కలు పెట్టుకుంటున్నాను. నిన్న వేలితో తడిమి చూశాను. లోతుగా ఉన్నాయి చిట్టీ. అమ్మ ఆ కత్తి గట్టిగానే నొక్కింది. ఇదంతా ఒక్కదానివే కడుపులో పెట్టుకుని ఎలా ఉన్నావే? నేను నిన్ను సిగ్గా అని అడిగాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ ఉత్తరం గువ్వకి ఇచ్చాను. చదివి నా పక్కకొచ్చి పడుకుంది. పొద్దున్న లేచి, అమ్మ చెప్పినట్టే పొడుగు చేతులు కుట్టు పెద్దమ్మా అంది. టేపు తీస్తే మాత్రం లాక్కుంది. తన చెయ్యే గుడ్డ మీద చాచి, దీనితో కొలువు అంది. సుద్ద అందుకున్నాను. ఆ చుక్కలతోనే కొలిచాను.

చొక్కా దానితోనే పంపుతున్నాను. నువ్వు చెప్పిన పని చెప్పినట్టు చేశాను. పొడుగు చేతులు, మణికట్టు దగ్గర గుండీ. నీ చేత్తో నువ్వే తొడుగు. ఆ తర్వాత డాక్టరు దగ్గరకి తీసుకెళ్తావో మానేస్తావో నీ ఇష్టం. నేను నోరు మూసుకుంటాను. ఇది నా నోరు నీకు ఇచ్చే మొదటి మాట కాబట్టి దాచిపెట్టుకో.

నీ అక్క

* * *

అక్కా,

కావాలనే చేశావు. కాదని బుకాయించకు, నిన్ను నేను ఎరుగుదును.

ఆదివారం పొద్దున్న గువ్వకి ఆ చొక్కా తొడిగాను. భుజాలు కిందకి జారాయి. చేతులు వేళ్ళ చివరలు దాటి వేలాడుతున్నాయి. గుండీ పెడితే మణికట్టు చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది. అచ్చం మన గౌనే. అది అలా చేతులు వేలాడేసుకుని నిలబడితే నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఇంతలో బయట కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. మీ మరిది గారు "వచ్చేశారు, వచ్చేశారు" అంటూ గది బయట తిరుగుతున్నారు.

గబగబా మడవడం మొదలుపెట్టాను. బడికి వెళ్ళేముందు అమ్మ మనకి మడిచేది కదా, ఒక మడత వేసి పైన చిన్నగా తట్టేది. నా చెయ్యి దానంతటదే అలా తట్టింది. ఒక మడతకి వేళ్ళు బయటికొచ్చాయి. ఇంకో మడతకి మణికట్టు, మొదటి చుక్క. అక్కడ ఆపి ఉండొచ్చు, కాస్త కిందకి లాగితే సరిపోయేది. అమ్మ గడియ తీసేముందు గుండీ పెట్టుకోవడం గుర్తొచ్చింది. ఆపలేదు. మడుస్తూ వెళ్ళాను. మోచెయ్యి దాటాక చూస్తే తొమ్మిదీ బయట ఉన్నాయి.

గువ్వ నా మొహంలోకే చూస్తోంది. "అమ్మా, కిందకి దించుకోనా?" అంది.

"వద్దు. ఒంటికి గాలాడాలి" అన్నాను.

టీ ఇస్తున్నప్పుడు అబ్బాయి తల్లి చూడనే చూసింది. చెయ్యి పట్టుకోలేదులే, కళ్ళతోనే చూసింది. "ఇవేమిటండీ, ఇంత చిన్నపిల్లకి?" అంది. గువ్వ నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "మా అమ్మ కొలతండీ. మా అక్కా నేనూ వాటితోనే పెరిగాం." నా పెళ్ళినాడు అనాల్సిన మాట ఇన్నేళ్ళకి బయటికొచ్చింది. చెరిపించే ఉద్దేశం ఉందా అని అడిగింది ఆవిడ. లేదండీ అన్నాను. అబ్బాయి మాత్రం మడతలు చూసి, చొక్కా ఎవరు కుట్టారని అడిగాడు. మా పెద్దమ్మ, నా చేత్తో కొలిచి కుట్టింది అని గువ్వ నవ్వింది.

ఏ సంగతీ తర్వాత చెబుతామని వెళ్ళారు. చెప్పినప్పుడు చెబుతారు. సోమవారం చర్మం డాక్టరు దగ్గరకి ఫోన్ చేసి మా అమ్మాయి పేరు కొట్టేయమన్నాను.

నాకొక జాకెట్టు కుట్టి పంపు అక్కా. పొట్టి చేతులు పెట్టు. టేపు ముట్టుకోకు.

నీ చిట్టి