మీ ట్రాక్టర్ కింద నిమ్మకాయలు

ఏమండీ,

మీ పాత గార్డెన్ ట్రాక్టర్‌కి ఏమీ కాలేదు. ముందు ఆ మాట చెప్పేస్తే నాకు ఊపిరాడుతుంది.

పోయిన వారం మీరు లేని మొదటి దసరా. పూజ కాకముందు ఇంజన్ స్టార్ట్ చేయకూడదన్నది మీ పట్టింపు కదా. చేత్తో తోస్తే బండి కదలాలని, మీలాగే వెనక రాడ్ బయటికి లాగాను. నేనూ అమ్మాయీ కలిసి డ్రైవ్‌వేలోకి తోశాం. బొట్లు పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఇంజన్ స్టార్టయింది గానీ, పెడల్ ఎంత తొక్కినా బండి అంగుళం కదల్లేదు.

"అమ్మా, చక్రాల్ని తిప్పే హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్ పోయింది. కొత్తది ఆర్డర్ చేద్దాం," అంది శ్రావ్య. ఫోన్‌లో మెకానిక్కూ అదే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మీరు ఇన్నేళ్ళు నడిపిన బండి నా చేతిలో ఆర్నెల్లు నిలవదా?

వారం తర్వాత, ఇవాళ ఆయిల్ చూశాను. సరిపడా ఉంది. బెల్ట్ చూద్దామని వెనక నేల మీద పడుకున్నాను. ఆ రాడ్ ఇంకా బయటికే ఉంది! దాని పక్కన టేప్ మీద మీ చేతిరాత: "పూజ అవగానే లోపలికి తొయ్యాలి. మళ్ళీ మర్చిపోకు."

తోశాను. ఇంజన్ స్టార్ట్ చేసి పెడల్ మీద కాలు పెట్టగానే ఎండిన నిమ్మకాయలు నాలుగూ నలిగిపోయాయి.

అది సరే, "మళ్ళీ" ఏమిటి? హారతి అవగానే ప్రతి ఏడూ నన్ను మంచినీళ్ళకని లోపలికి పంపింది, నేను చూడకుండా ఈ రాడ్ తొయ్యడానికా?

మీ
వసుంధర