సేవకు తెచ్చిన చెత్త

మామిడికుదురు,
సోమవారం

జోషిత నాన్నగారికి, ప్రేమతో

ఫోన్లో మాట్లాడితే అత్తయ్యగారు ఒక పక్క, పిల్ల ఒక పక్క కూర్చుంటారు. వాళ్ళ ముందు అనలేనివి కొన్ని ఉంటాయి. మన వీధి వీరన్న శుక్రవారం కువైట్ వస్తున్నాడు కదా, పూతరేకుల డబ్బాతో పాటు ఈ ఉత్తరం కూడా ఇస్తున్నాను.

మీ అమ్మాయి బుల్‌బుల్ అయింది. స్కౌట్సులో చిన్న ఆడపిల్లల దళానికి ఆ పేరట, మగపిల్లలైతే కబ్స్ అంటారట. భవానీదేవి టీచరుగారు శనివారం సాయంత్రాలు బడిలోనే నేర్పుతున్నారు. ముడులు వేయడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, రోజుకో మంచి పని చేయడం. మెడలో స్కార్ఫు కట్టుకుని అద్దం ముందు నుంచి కదలడం లేదు. నిన్న పాలబ్బాయి సైకిలు పడిపోతే నిలబెట్టిందట, కంచం ముందు కూర్చుని అన్నం మాని ఆ సంగతే చెప్పింది.

అత్తయ్యగారికి మాత్రం ఒళ్ళు మండింది. స్కౌట్లు ఎడం చేత్తో కరచాలనం చేస్తారట. ఇది వెళ్ళి నాయనమ్మ ముందు ఎడం చెయ్యి చాపింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, బడికి పంపితే నేర్పేది ఇదా అని మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

నాకు నచ్చనిది వేరే ఉంది. ఈ దళానికి అధ్యక్షుడు శ్యామ్ బాబుగారు, రొయ్యల షెడ్డు ఆయనదే. స్కార్ఫులు ఆయనే ఇచ్చారు. ఒక్కో స్కార్ఫుకీ ఒక్కో ఫోటో తీయించుకున్నారు. పిల్ల భుజం మీద చెయ్యి వేసి కెమెరా వైపు చూడటమే తప్ప పేరేంటని కూడా అడగలేదు. ఈ ఆదివారం కాలవ గట్టు మీద సేవా దినం అట, తల్లుల్ని కూడా రమ్మన్నారు.

వేళకి తినండి.
మీ విజయ

*

కువైట్

ప్రియమైన విజయా,

పూతరేకులు సగం పొడి అయి వచ్చాయి. గదిలో అందరం చెంచాలతో తిన్నాం. జోషిత స్కార్ఫు ఫోటో అందరికీ చూపించాను. చిన్నప్పుడు అమలాపురంలో స్కౌటు పిల్లలు కవాతు చేస్తుంటే గోడెక్కి చూసేవాణ్ణి. నాకా బట్టలు దొరకలేదు, నా కూతురికి దొరికాయి.

శ్యామ్ బాబుగారి సంగతి. ఫోటోలు తీయించుకుంటే తీయించుకోనీ. ఆయన బావమరిది ఇక్కడ మా సైటులో ఫోర్‌మన్ అని నీకు తెలుసు. శ్యామ్ బాబుగారి మాట మీదే నాకీ పని దొరికింది. ఎదురుపడితే ఒక నమస్కారం పెట్టు, అరిగిపోం.

ఈ ఉత్తరం దొరబాబు చేత పంపుతున్నాను, సెలవు మీద వస్తున్నాడు.

ఎప్పుడూ నీ
ప్రసాద్

*

మామిడికుదురు

ప్రియమైన మీకు,

ఆదివారం సేవా దినానికి నేనూ వెళ్ళాను.

సిమెంటు బల్లలు వేసిన ఆ గట్టు మీకు తెలుసు కదా, ఊళ్ళో శుభ్రంగా ఉండే చోటు అదొక్కటే. మేం వెళ్ళేసరికి అక్కడ కాగితం ముక్క కూడా లేదు. ఈ పిల్లలు ఏం ఏరతారా అనుకుంటుంటే ట్రాక్టరు వచ్చింది. శ్యామ్ బాబుగారి మనిషి అబ్బులు సంత చెత్తంతా గడ్డి మీదకి దింపి పారతో పరిచాడు. చేపల పేగులు, ఎవరింటి భోజనాలవో ఎంగిలాకులు, పసిపిల్లల డైపర్లు. ఈగలు ఒక్కసారిగా ముసిరాయి.

టీచరుగారి వైపు చూస్తే ఆవిడ తల దించుకున్నారు. నేనే శ్యామ్ బాబుగారి దగ్గరికి వెళ్ళాను.

"ఇది మీరు తెప్పించిందేనాండీ?"

"ఆయ్. పిల్లలకి అలవాటవ్వాలి కదమ్మా. చెత్తే లేకపోతే ఏం నేర్చుకుంటారు?"

మొహంలో కాస్త కూడా తడబాటు లేదు.

పిల్లలకేం తెలుసు, పోటీలు పడి ఏరారు. మీ అమ్మాయి అందరికంటే ముందు. గట్టు మళ్ళీ శుభ్రమైపోయింది, శ్యామ్ బాబుగారు పిలిచిన ముఖ్య అతిథి మాత్రం రాలేదు. కారు ఇంకా అమలాపురం దాటలేదట. అప్పుడు అబ్బులు సంచులన్నీ బోర్లించి, అదే చెత్త మళ్ళీ పరిచాడు. జోషిత తను నింపిన సంచి ఖాళీ అవుతుంటే చూస్తూ నిలబడిపోయింది. అతిథి దిగాక ఒక్కో పిల్ల చేత ఒక్కో ఆకు తీయించి ఫోటోలు కొట్టారు. ఆయన కారు మలుపు తిరగ్గానే సంచులన్నీ కాలవలోకి తోసేశారు. దిగువన ఆడవాళ్ళు గిన్నెలు తోముకునే నీళ్ళవి.

ఇంతకంటే రోతపని మనింట్లో జరిగింది. మంగళవారం నేను బజారు నుంచి వచ్చేసరికి మన చెత్తబుట్ట వాకిట్లో బోర్లించి ఉంది. ముగ్గు మీదంతా టీ పొడి, గుడ్డు పెంకులు, చేప పొలుసు. జోషిత స్కార్ఫు కట్టుకుని పక్కన నిలబడింది.

"అమ్మా, ఫోన్ తియ్యి. నువ్వు ఫోటో తీస్తే నేను ఎత్తేస్తాను. ఇవాళ్టి మంచి పని."

చెయ్యెత్తాను గాని కొట్టలేకపోయాను. దానికి నేర్పిందే అది చేసింది. ఆ చెత్తంతా నేనే ఎత్తాను. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా వాసన పోలేదు.

మీరేమంటారో రాయండి.
విజయ

*

కువైట్

ప్రియమైన విజయా,

చదివితే నాకూ ఒళ్ళు జలదరించింది. అయినా నా మాట విను. ఊరంతా చూసి ఊరుకుంది, నువ్వొక్కదానివే పైకి అంటే మనమే చెడ్డవాళ్ళమవుతాం. నా కాంట్రాక్టు పొడిగించే సమయం ఇది, సంతకం పెట్టాల్సింది ఆ బావమరిదే. జోషితది చిన్నపిల్లల ఆట, నాలుగు రోజుల్లో మర్చిపోతుంది. నీకంత అసహ్యంగా ఉంటే దాన్ని మాన్పించెయ్. గొడవ మాత్రం వద్దు.

కోపగించుకోకు.
నీ ప్రసాద్

*

మామిడికుదురు

ప్రియమైన మీకు,

మాన్పించలేదు. ఆ ముడులూ కట్లూ చెడ్డవి కావు, ఆ స్కార్ఫు ఏ పాపం చేసింది?

భవానీదేవి టీచరుగారింటికి వెళ్ళాను. శ్యామ్ బాబుగారు లేకపోతే దళమే నడవదని ఊరుకున్నానని చెప్పారు. అలా నడిచేది నడవకపోయినా ఫర్వాలేదన్నాను. చివరికి ఆవిడే "అయితే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామమ్మా?" అన్నారు.

రొయ్యల షెడ్డు వెనక మురుగు కాలవకి తీసుకెళ్ళాం. అక్కడికి ట్రాక్టరు అవసరం లేదు. రొయ్య తలలు, పొట్టు ఎన్నాళ్ళుగా కుళ్ళుతున్నాయో, పురుగులతో ఆ కుప్ప దానంతటది కదులుతోంది. పిల్లల్ని దూరంగా రోడ్డు పక్కన కవర్లు ఏరమన్నాం. ఆ కంపులోకి టీచరుగారూ, నేనూ, మరో ముగ్గురు తల్లులూ దిగాం. ఎదురింటి వీరవేణి రెండుసార్లు కక్కుకుంది. నేనూ కక్కుకున్నాను.

జోషిత వచ్చి ఫోటో ఎవరు తీస్తారని అడిగింది. ఎవరూ తియ్యరన్నాను. మరి ఏరడం ఎందుకంది. అక్కడొక దూడ రొయ్యల వాసన పట్టిన కవరు నములుతోంది, సగం లోపలికి పోయింది. జోషిత కాసేపు దాన్నే చూసింది. తర్వాత వెళ్ళి నోట్లోంచి కవరు బయటికి లాగింది. ఆ చొంగ గౌనుకి తుడుచుకుని ఇంకో కవరు కోసం వంగింది.

శ్యామ్ బాబుగారు బండి మీద వచ్చారు. నా షెడ్డు వెనకే ఎందుకని అడిగారు. "చెత్త ఇక్కడ ఉందండీ, తెప్పించక్కర్లేదు" అన్నాను. మీ ఆయనతో మాట్లాడతానని వెళ్ళిపోయారు.

మీకు ఇబ్బంది తెచ్చాను. తెలిసే తెచ్చాను.
విజయ

*

కువైట్

ప్రియమైన విజయా,

నీ ఉత్తరం కంటే ముందే శ్యామ్ బాబుగారి ఫోన్ వచ్చింది. నా పరువు తీసింది మీ ఆవిడ, ఇంటికొచ్చి నలుగురిలో క్షమాపణ చెప్పమను అన్నారు. వారం ముందైతే సరేనండీ అనేవాణ్ణి. అది నీకూ తెలుసు.

కానీ ముందురోజే జోషితతో మాట్లాడాను. నువ్వు దుకాణానికి వెళ్ళావట. ఎంతసేపూ ఆ దూడ గురించే చెప్పింది. దానికి కడుపునొప్పి వచ్చిందేమో, రేపు వెళ్ళి చూడాలంది. నేను అలవాటు కొద్దీ ఫోటో పంపమన్నాను.

"ఫోటో తియ్యలేదు నాన్నా. కవరు తీశాను" అంది.

ఆ మాట చెవిలో ఉండగా ఆయనకి సరేనని ఎలా అనను? "మా ఆవిడ చేసింది మంచి పనేనండి. క్షమాపణ చెప్పదు" అన్నాను.

ఫోర్‌మన్ సంతకం పెట్టలేదు. నెలాఖరుకి వచ్చేస్తున్నాను. ఏం పని చేస్తానో తెలియదు, భయంగానే ఉంది. అమ్మకి నెమ్మదిగా చెప్పు.

వచ్చాక మొదటి ఆదివారం నన్ను ఆ షెడ్డు వెనక్కి తీసుకెళ్ళు. నువ్వు దిగిన చోటే నేనూ దిగుతాను.

వస్తున్న
ప్రసాద్